పదిహేను గజాలు

శనివారం ఫుట్‌బాల్ జట్టు వరసగా ఐదో మ్యాచ్ ఓడిపోయింది. సోమవారం పొద్దున్నే, క్లబ్ సెక్రటరీ కెప్టెన్‌ని తన గదికి పిలిపించాడు.

అప్పటికి పద్నాలుగు ఆటలయ్యాయి. గెలిచినవి రెండు, సమంగా ముగిసినవి మూడు, మిగతావన్నీ ఓటములే. పట్టికలో వాళ్ల పేరు వెతకడానికి పైనుంచి చదువుకుంటూ రానక్కర్లేదు, అడుగునుంచి మొదలుపెడితే మొదట తగిలేది అదే. సీజన్ ఆఖరికీ అక్కడే ఉంటే కింది డివిజన్‌కి జారిపోవడం ఖాయం.

కెప్టెన్‌కి ముప్పైనాలుగేళ్లు. పంతొమ్మిదో ఏట సీసాల ఫ్యాక్టరీ జట్టులో ఆడుతుంటే కోచ్ చూసి, భుజం మీద చెయ్యేసి ఈ క్లబ్బుకి తీసుకొచ్చాడు. ఆ కోచ్‌ని క్లబ్బులో గడ్డి కోసే మనిషి దగ్గర్నుంచి ఛైర్మన్ దాకా అందరూ మాస్టారనే పిలిచేవారు. మాస్టారి చేతికింద పదిహేనేళ్లు డిఫెన్స్ మధ్యలో నిలబడి, కెప్టెన్ పేరు తెచ్చుకున్నాడు. అతన్ని దాటి బంతి కాదు కదా గాలి కూడా పోదని అభిమానులు "గోడ" అని పిలిచేవారు. పైకి నవ్వేసేవాడు గాని ఆ పేరంటే అతనికి లోలోపల మహా ఇష్టం.

సెక్రటరీ తలుపు వేయించాడు. కిటికీ అవతల పార్కింగ్‌లో ఎవరో కారు అద్దం తుడుచుకుంటున్నారు.

"ఒక్క మాట అడుగుతాను, ఈ గది దాటి పోదు. మనవాళ్లకి మాస్టారి మీద నమ్మకం ఉందా?"

కెప్టెన్‌కి శనివారం నాటి మూడో గోల్ కళ్లముందు మెదిలింది. బంతి అతని తలమీదుగా వెనక్కి పోయింది. అతను తిరిగాడు, కాని ఎడమ మోకాలు అతనితో పాటు తిరగలేదు. లిప్తకాలం ఆలస్యం, అంతే. అవతలివాడు దూసుకుపోయి గోల్ కొట్టేశాడు. ఆట అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో మాస్టారు ఎవరి ముఖమూ చూడకుండా, "తప్పు నాది. మిమ్మల్ని అక్కడ నిలబెట్టింది నేను" అన్నాడు. అది విని కెప్టెన్ గుండె తేలికపడింది. మర్నాడు పేపర్లన్నీ కోచ్ వ్యూహాన్నే ఏకిపారేశాయి. మోకాలి సంగతి క్లబ్బులో ఎవరికీ తెలియదు. ఒక్క ఫిజియోకి తప్ప. ఆవిడతో, ఎవరికీ చెప్పొద్దని సీజన్ మొదట్లోనే బతిమాలుకున్నాడు.

"మాస్టారంటే అందరికీ గౌరవమే సార్," అన్నాడు కెప్టెన్.

"గౌరవం సంగతి కాదయ్యా నేనడిగేది."

"కాకపోతే..." అని ఆగాడు. ఆగి ఊరుకుని ఉంటే సరిపోయేది. "ఆయన ఆట కాస్త పాతబడిపోయింది సార్. ఇప్పటివాళ్లకి ఎక్కడం లేదు."

సెక్రటరీ తల పంకించి, "సరే, వెళ్లి ప్రాక్టీస్ చూసుకో" అన్నాడు. మెట్లు దిగుతుంటే కెప్టెన్ తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. తాను అబద్ధం ఆడలేదు. ఓడిపోతున్నారు, వ్యూహం పనిచెయ్యడం లేదు. ఆ మాట పేపర్ల వాళ్లూ అంటున్నారు, రోడ్డున పోయేవాళ్లూ అంటున్నారు. తాను కొత్తగా అన్నదేముంది?

బుధవారం మధ్యాహ్నం మాస్టారిని తీసేశారు.

సామాన్లు సర్దుకుని ఆయన డ్రెస్సింగ్ రూమ్‌కి వచ్చాడు. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెయ్యి కలిపాడు. గోల్‌కీపర్ ఏడ్చేశాడు. ఆయన తన దగ్గరికి వచ్చే సమయానికి కెప్టెన్ వంగి, కట్టుకునే ఉన్న బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. లేవక తప్పలేదు. చెయ్యి చాపాడు గాని కళ్లెత్తలేకపోయాడు.

"జాగ్రత్తరా," అన్నాడు మాస్టారు. అంతే అని పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ వారం ఆట లేదు. కొత్త కోచ్ శుక్రవారం దిగాడు. సన్నటి మనిషి, నలభై రెండు నలభై మూడేళ్లుంటాయి. ఒకప్పుడు లెక్కల పాఠాలు చెప్పేవాడట. కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతుండేది. వయసుతో పని లేకుండా ప్రతివాణ్ణీ "మీరు" అనేవాడు. మొదటి రోజు ఎవరినీ ఏమీ అనలేదు. గీత అవతల నిలబడి చూస్తూ ఉన్నాడు. రెండో రోజు కెప్టెన్‌ని గదికి పిలిచాడు. మొన్నటిదాకా మాస్టారు కూర్చున్న గది అది. గోడమీద ఆయన బొమ్మలు తీసేసినచోట తెల్లటి చదరాలు మిగిలాయి.

"మీ మోకాలు ఎన్నాళ్లుగా అలా ఉంది?" అని అడిగాడు కొత్త కోచ్, కాఫీ తాగుతారా అని అడిగినంత మామూలుగా.

"మోకాలా? బాగానే ఉంది సార్."

కొత్త కోచ్ వాదించలేదు. బల్లమీది కంప్యూటర్ ఇటు తిప్పాడు. పాత ఆటల వీడియో. ఒకచోట ఆపి, పెన్సిల్ మొనతో చూపించాడు.

"ఇది మీ రెండో మ్యాచ్. డిఫెండర్లు నలుగురూ ఇక్కడ, మైదానం మధ్యకి దగ్గరగా నిలబడ్డారు. ఇది మూడోది. చూడండి, అదే నలుగురు పదిహేను గజాలు వెనక్కి, గోల్‌కి దాదాపు ఆనుకుని ఉన్నారు. అక్కణ్ణుంచి పద్నాలుగో మ్యాచ్ దాకా ఇంతే. అందుకే మధ్యలో ఖాళీ పడిపోయింది. మన ఫార్వర్డ్‌లు ముందు ఒంటరిగా మిగిలిపోయారు. మీ ఎడమ పక్కన ఆడేవాడు తన చోటూ మీ చోటూ రెండూ కాయాల్సి వచ్చి అరవయ్యో నిమిషానికల్లా వగరుస్తున్నాడు. మనకి పడ్డ గోల్స్‌లో పదకొండు ఆఖరి ఇరవై నిమిషాల్లో పడ్డవే."

"అది మాస్టారి వ్యూహం సార్."

"నేనూ అలాగే అనుకున్నాను." కొత్త కోచ్ సొరుగు లాగి ఒక నీలం ఫైలు బయటికి తీశాడు. "ఇది అలమారాలో దొరికింది. ఆయన సీజన్‌కి ముందు తయారుచేసుకున్నది. చక్కటి పథకం. అందరూ పైకి జరిగి, బంతి పోయిన చోటే మళ్లీ లాక్కోవడం. నేను ఇంతకంటే బాగా గీయలేను. ఆయనే దీన్ని కొట్టేసి, పక్కన కొత్తది గీశారు. ఎందుకో రాయలేదు. పైకి జరిగి ఆడితే, వెనక పడ్డ బంతి కోసం తిరిగి పరిగెత్తాలి. పరిగెత్తలేని మనిషి ఒకరుంటే ఆ పథకం నడవదు. ఆ ఒకరిని పక్కన పెట్టడం ఇష్టం లేకపోతే మిగతా అందరినీ వెనక్కి దించాలి. ఆయన అదే చేశారు."

కెప్టెన్ ఫైలు దగ్గరికి లాక్కుని ఆ కొట్టేసిన గీతలు చూశాడు.

"నేను ఆయన మొదటి పథకమే ఆడిస్తాను," అన్నాడు కొత్త కోచ్. "మీరు కెప్టెన్‌గానే ఉండండి. కాని వచ్చే శనివారం మీరు బెంచీ మీద కూర్చుంటారు. మీ చోట్లో ఆ పొడుగాయన ఆడతారు."

పొడుగాయనంటే ఇరవైమూడేళ్ల డిఫెండర్. కాళ్లు సన్నగా, మెడ పొడుగ్గా ఉంటాడని జట్టంతా "కొంగ" అని పిలిచేది. పిలుపు కొంగే గాని పరుగులో లేడి. పన్నెండు మ్యాచ్‌లుగా కెప్టెన్ వెనకాల బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు.

ఆ శనివారం జట్టు రెండు గోల్స్‌తో గెలిచింది. పై వారం మళ్లీ గెలిచింది. మూడోది సమం, నాలుగూ అయిదూ గెలుపు. స్టేడియంలో జనం మళ్లీ పాటలందుకున్నారు. కెప్టెన్ కోటు జిప్పు గడ్డందాకా లాక్కుని బెంచీ మీద కూర్చుని, గోల్ పడ్డప్పుడల్లా అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టేవాడు. చేతులు చప్పట్లు కొడుతుంటే కళ్లు మాత్రం డిఫెండర్ల గీత ఎంత ముందుకుందో గజాల్లో కొలుస్తుండేవి. ఎన్నిసార్లు కొలిచినా ఒకటే లెక్క తేలేది. ఎవరి వల్ల ఓడిపోయారో ఎవరికీ తెలియకపోవచ్చు, అతనికి తెలిసిపోయింది.

మిగతా లోకానికి మాత్రం రోజుకో కారణం దొరికేది. కొత్త కోచ్ తిండి మార్పించాడని ఒకరు, మాస్టారి క్రమశిక్షణ ఎక్కువై ఆటగాళ్లు బిగుసుకుపోయారని ఒకరు. ఒక విలేకరి అతని దగ్గరికే వచ్చి, "జట్టులో ఈ మార్పుకి అసలు కారణం ఏమిటంటారు?" అని అడిగాడు.

కెప్టెన్ నవ్వు తెచ్చుకుని, "కొత్త ఊపు వచ్చిందండి. కొత్త మనిషి, కొత్త ఆలోచన," అన్నాడు. మర్నాడు అదే పెద్దక్షరాల్లో వేశారు. 'కొత్త మనిషి, కొత్త ఆలోచన: కెప్టెన్.' పథకం పాత మనిషిదని తెలిసి కూడా ఆ మాట అన్నందుకు సిగ్గేసి, పేపర్ మడిచి సోఫా దిండు కింద దూర్చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం బావమరిది భోజనానికి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ఏ ఇంటికెళ్లినా మనుషుల్ని మాటలతో పైకెక్కించి కిందికి దించుతాడని అక్క, అంటే కెప్టెన్ భార్య, దెప్పుతుండేది.

"బావా, నీకు తెలీదు గాని నువ్వు మహత్తు గలవాడివి," అన్నాడు కంచం ముందు కూర్చుంటూ. "నువ్వు ఆడితే అవతలివాళ్లు గెలుస్తారు, కూర్చుంటే మనం గెలుస్తాం. వచ్చే ఏడాది నిన్ను అవతలి జట్టుకి అప్పగించేస్తే కప్పు మనదే!"

ఎనిమిదేళ్ల కూతురు పకపకా నవ్వింది. భార్యా నవ్వబోయి, భర్త ముఖం చూసి ఆగిపోయింది. అతను సగం అన్నం కంచంలోనే వదిలి, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"సరదాకి అన్నాన్లే బావా! అలా తినకుండా లేచిపోతే ఎలా?"

"నీ మీద కోపం కాదురా," అన్నాడు కెప్టెన్. "నువ్వన్నది నిజం."

అంట్లు కడిగేటప్పుడు భార్య పక్కన నిలబడి పొడిగుడ్డతో గిన్నెలు తుడుస్తూ మొత్తం చెప్పేశాడు. మోకాలి సంగతి ఆవిడకి తెలుసు. సెక్రటరీ గదిలో అన్న మాట మాత్రం అప్పుడే విన్నది. కుళాయి కట్టేసి, "మాస్టారికి చెప్పావా?" అంది.

"ఏ ముఖం పెట్టుకుని వెళ్లమంటావు?"

"ఉన్నది ఒకటే కదా, దాంతోనే వెళ్లు."

వెళ్లేముందు ఒక్క సంగతి తేల్చుకోవాలనిపించి, మర్నాడు ఫిజియో గది తలుపు తట్టాడు. ఆవిడ ఎవరిదో చీలమండకి పట్టీ చుట్టి పంపించి, చేతులు తుడుచుకుంటూ చూసింది.

"నా మోకాలి సంగతి మాస్టారికి మీరు చెప్పారా?"

"చెప్పాను. రెండో మ్యాచ్ అయిన మర్నాడే."

"నేను చెప్పొద్దన్నాను కదండీ!"

"మీరు చెప్పొద్దన్నారు. నా ఉద్యోగం చెప్పమంది."

"ఏమన్నారు?"

"కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. తర్వాత, 'వాడంతట వాడు నాతో చెప్పేదాకా నాకు తెలియనట్టే ఉంటాను' అన్నారు." ఆవిడ పట్టీ చుట్టను డబ్బాలో పెట్టింది. "ప్రతి సోమవారం అడిగేవారు, 'వాడు నీతో ఏమైనా అన్నాడా, నాకు చెబుతానన్నాడా' అని."

కెప్టెన్ అక్కడే బల్లమీద కూలబడ్డాడు. మూడు నెలలు. పన్నెండు సోమవారాలు. అందులో ఆఖరి సోమవారం తాను నిజంగానే తలుపు తట్టి మాట్లాడాడు, కాకపోతే ఆ తలుపు సెక్రటరీది.

మాస్టారు ఉండేది మూడో అంతస్తులో. తలుపు తీసింది ఆయన భార్య. పదిహేనేళ్లుగా ఆ ఇంటికి వస్తున్నాడు. తలుపు తీస్తూనే "రా బాబూ, తిన్నావా?" అనేది. ఈసారి గడప దగ్గర నిలబడి, "మీరా. రండి," అంది. ఆ "మీరు" వినగానే అతనికి తల కొట్టేసినట్టయింది.

మాస్టారు ముందు గదిలో బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కూర్చోమని కుర్చీ చూపించాడు గాని ఇస్త్రీపెట్టె దించలేదు.

"మాస్టారూ, నేను సెక్రటరీగారి దగ్గర ఒక మాట అన్నాను."

"తెలుసు. మీటింగ్‌లో నా ముందే చెప్పారు. 'మేం కాదు, మీ కెప్టెనే అంటున్నాడు' అన్నారు." చొక్కా చేతులు సరిచేసి ఇస్త్రీపెట్టె లాగాడు. "పాతబడిపోయానట కదా."

"నా మోకాలి సంగతి మీకు తెలుసని నాకు తెలీదు మాస్టారూ."

"తెలిసుంటే అనేవాడివి కాదా?"

కాదని చెప్పబోయి మానుకున్నాడు. ఎందుకంటే ఆ రోజు ఆ గదిలో అతనికి గుర్తున్నది ఒక్కటే భయం: చూపు తనవైపు తిరగకూడదు. తెలిసున్నా అదే అనేవాడేమో.

"నేను సెక్రటరీతో అన్నందుకు కాదు మీకు కష్టం కలిగింది, నాకర్థమైంది," అన్నాడు చివరికి.

"కొంత దానిక్కూడా కలిగింది. లేదని నేనెందుకు దాచాలి?" మాస్టారు చొక్కా మడిచి దొంతరమీద పెట్టాడు. "కాని నువ్వు నాతో ఒక్కమాట చెప్పుంటే బాగుండేది. 'మాస్టారూ, కాలు పోయింది' అని. నేను తిట్టేవాణ్ణేమో. ఏడ్చేవాణ్ణేమో. తర్వాత ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేసేవాళ్లం."

"మీరే నన్ను పక్కన పెట్టుండొచ్చు కదా?"

"ఉండొచ్చు. అది నా తప్పు. నీ ఒక్కడి కోసం అందరినీ పదిహేను గజాలు వెనక్కి నడిపించాను. ప్రేమతో చేశాననుకోకు. 'ఇక చాలు' అని నీ ముఖం మీద చెప్పే ధైర్యం లేక చేశాను. ఆ కొంగ ఉన్నాడే, పన్నెండు ఆటలు కూర్చోబెట్టాను. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. వాడి ముందు నువ్వూ నేనూ ఇద్దరం దోషులమే."

కెప్టెన్ లేచి నిలబడ్డాడు. "పేపర్ల వాళ్లని పిలుస్తాను మాస్టారూ. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేస్తాను. మీరు గీసిన పథకంతోనే గెలుస్తున్నామని చెబుతాను. అందరికీ తెలియాలి."

మాస్టారు ఇస్త్రీపెట్టె నిలబెట్టి మొదటిసారి అతని కళ్లలోకి చూశాడు.

"వద్దు. ఆట పాతబడ్డ ముసలాడనుకోనీ, పడతాను. ఒకడి మీద మమకారంతో జట్టుని ముంచాడు అనిపించుకోలేను. ఇంకో క్లబ్బు నన్ను పిలవాలా వద్దా? నీ బరువు దించుకోవడానికి నా పరువు తియ్యకు."

కెప్టెన్ సెలవు తీసుకుని బయటికి వచ్చాడు. మాస్టారి భార్య మెట్లదాకా వచ్చింది. రెయిలింగు పట్టుకుని అతను ఒక్కో మెట్టూ దిగడం చూస్తూ, పైనుంచే అంది:

"పదకొండేళ్ల కిందట పెద్దాటగాళ్లంతా ఒక్కటై ఆయన్ని తీసెయ్యాలని ప్రాక్టీస్ మానేశారు. ఆ పొద్దున గ్రౌండ్‌కి నువ్వొక్కడివే వచ్చావు. ఇద్దరే రెండు గంటలు ఆడారట. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు వందసార్లు చెప్పారు." ఆవిడ ఒక మెట్టు కిందికి దిగింది. "ఇప్పుడు ఆయన తిండి మానలేదు, నిద్ర మానలేదు. టీవీలో ఆట చూడటం ఒక్కటీ మానేశారు."

పైకి చూసే ధైర్యం లేక, అతను అలాగే మెట్లు దిగిపోయాడు.

లోకానికి చెప్పొద్దన్నాడు మాస్టారు. కొంగకి చెప్పొద్దనలేదు. మర్నాడు ప్రాక్టీస్ అయ్యాక అందరూ లోపలికి వెళ్లిపోతుంటే కెప్టెన్ అతన్ని ఆపాడు. ఇద్దరూ గోల్‌పోస్టు పక్కన తడిగడ్డిలో నిలబడ్డారు.

"నీ చోట్లో ఇన్నాళ్లూ నేను నిలబడ్డాను. నా వల్ల కాదని తెలిసీ నిలబడ్డాను. అది చెబుదామనే ఆపాను."

కొంగ బూటుతో గడ్డి గీకుతూ, "తెలుసన్నా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీ మోకాలు. అందరికీ తెలుసు. మెట్లు దిగేటప్పుడు నువ్వు ఎప్పుడూ ఎడమకాలే ముందు పెట్టడం గోల్‌కీపర్ ఎప్పుడో కనిపెట్టాడు."

కెప్టెన్ నిర్ఘాంతపోయాడు. "మరి ఒక్కడూ నాతో అనలేదేం?"

"నీతో ఎవరంటారన్నా? నువ్వు గోడవాయె!" నవ్వుతూ మొదలుపెట్టిన కొంగ మధ్యలోనే నవ్వు ఆపేశాడు. "మైదానంలోకి దిగితే ఆట సగం, నీ సంగతి తెలియనట్టు నటించడం సగం. ఎడమవాడు నీకోసం పరిగెత్తి, నీకోసం కాదన్నట్టు ముఖం పెట్టేవాడు. గోల్ పడితే ఎవరి తప్పో ఎవరూ అనేవాళ్లు కాదు. మాస్టారొచ్చి తప్పు నాదనేవారు. అందరం తలలు దించుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరైనా పొరపాటు చేస్తే, 'ఒరేయ్ నీదే' అని అరుచుకుంటున్నాం. ఎంత హాయిగా ఉందో తెలుసా? గెలుస్తున్నామంటే నా కాళ్ల బలం కొంతే. ఆ నోళ్లు తెరుచుకోవడమే ఎక్కువ."

కొంగ వంగి బూటుకంటిన గడ్డి దులిపాడు.

"సెక్రటరీ నన్నూ పిలిచి అడిగాడన్నా," అన్నాడు కొంగ. "ఓడిపోవడానికి కారణమేంటని. నాకేం తెలీదన్నాను. ఆ రోజు నీ మోకాలి మాట చెప్పుంటే మాస్టారు ఉండేవారు. నీ మీద గౌరవంతో నోరు మూసుకున్నానో, ఇద్దర్లో ఎవరు పోయినా నా చోటు నాకు దొరుకుతుందని మూసుకున్నానో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా."

కెప్టెన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఓదార్చడానికి వేశాడో, నిలబడడానికి ఆసరాగా వేశాడో, అతనికే తెలియలేదు.

జట్టు కింది డివిజన్‌కి జారలేదు. ఇంకా రెండు మ్యాచ్‌లు ఉండగానే గట్టెక్కింది. ఆఖరి ఆటలో పది నిమిషాలు దిగి వీడ్కోలు తీసుకోమని కొత్త కోచ్ అడిగాడు. కెప్టెన్ వద్దన్నాడు. కెప్టెన్ గుర్తుగా కట్టుకునే చేతి పట్టీ విప్పి గోల్‌కీపర్ చేతికి కట్టి, ఆ వారమే ఆట మానేస్తున్నానని ప్రకటించాడు.

విలేకర్లు వచ్చారు. పక్కనే సెక్రటరీ కూర్చున్నాడు. పదిహేనేళ్లలో మరిచిపోలేని సంగతి ఏమిటని ఒకరు అడిగారు.

"మంచివి చాలా ఉన్నాయి. చెడ్డది ఒకటి చెబుతాను," అన్నాడు కెప్టెన్. "మాస్టారిని తీసెయ్యకముందు సెక్రటరీగారు నన్ను అభిప్రాయం అడిగారు. ఆయన ఆట పాతబడిపోయిందన్నాను. అది నిజం కాదు. ఆ రోజు నాకు నా చోటు గురించి భయం, ఆ భయంతో అన్నాను. ఆయన ముందు అనలేక వెనకాల అన్నాను. ఇంతే. దీనిమీద ఇంకేమీ అడక్కండి."

అడిగారు. అతను చెప్పలేదు. సెక్రటరీ ముఖం కందగడ్డ అయింది. బయటికొచ్చాక, "గెలిచి సంబరపడుతున్న టైములో ఇదంతా ఇప్పుడెందుకయ్యా? ఎవరు బాగుపడతారు?" అని రుసరుసలాడాడు. ఆట మానేశాక డిఫెండర్లకి శిక్షణ ఇచ్చే ఉద్యోగం ఇస్తామని క్లబ్బు అంతకుముందు అన్న మాట ఆ తర్వాత మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పేపర్లు నాలుగు లైన్లు వేశాయి. బజార్లో ఒక పెద్దమనిషి ఆపి, "అన్నం పెట్టిన చెయ్యినే కరిచావటగా," అన్నాడు. "అవునండి," అన్నాడు కెప్టెన్. ఆయన ఇంకేమనాలో తోచక వెళ్లిపోయాడు.

మాస్టారు ఫోన్ చెయ్యలేదు. చేస్తాడేమోనని కెప్టెన్ చాలా రోజులు ఎదురుచూశాడు. మోకాలికి ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ తలుపు చప్పుడైతే చాలు, అటు చూసేవాడు. భార్య చూసీ చూడనట్టు ఊరుకునేది.

కర్ర లేకుండా నడవడం వచ్చాక ఒక బడిలో ఆటల టీచరుగా చేరాడు. మాస్టారిని బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్లో ఆడవాళ్ల జట్టు పిలిచిందని ఫిజియో చెప్పింది. వాళ్లు బాగానే ఆడుతున్నారట.

మరుసటి ఏడు క్లబ్బులో గడ్డి కోసే మనిషి పోయాడు. అంత్యక్రియలకి పాతవాళ్లంతా వచ్చారు. జనంలో నిలబడ్డ కెప్టెన్ పక్కకి చూస్తే, నల్లకోటులో మాస్టారు ఉన్నాడు. బాగా సన్నబడ్డాడు. ఇద్దరూ పోయినాయన గురించి నాలుగు మాటలు అనుకున్నారు. దారి గురించి, బస్సుల గురించి మాట్లాడుకున్నారు.

"బళ్లో పిల్లలెలా ఉన్నారు?" అని అడిగాడు మాస్టారు.

"బాగున్నారు మాస్టారూ. ఒక పిల్ల ఉంది, చాలా బాగా ఆడుతుంది. దెబ్బ తగిలినా చెప్పదు. పళ్లు బిగించి ఆడేస్తుంది. దానంతట అది ఎప్పుడు చెబుతుందా అని చూస్తున్నాను."

మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

"చెప్పేదాకా చూడకు," అన్నాడు. "నువ్వే అడుగు."

కెప్టెన్ ఏదో అనబోయాడు. ఈలోగా ఎవరో వచ్చి మాస్టారి చెయ్యి పట్టుకుని పలకరించడం మొదలుపెట్టారు. బస్సుకి టైమవుతోందని ఆయన గేటువైపు నడిచాడు. కెప్టెన్ ఆయన వెనకాలే నాలుగడుగులు వేశాడు. ఆగిపోయాడు.